వినగల హృదయము

(చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 3:5–28, మార్కు 10:2–16)

హౌరా నుండి ముంబయికి పోవు పెద్ద రైలుమార్గము మీద, బిలాస్‌పూర్‌కు తూర్పున, చాంపా వైపున గతౌరా అను చిన్న స్టేషను ఉన్నది. రాత్రింబవళ్లు బొగ్గు గూడ్సు బండ్లు ఆ దారిని పోవుచుండును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల తెలుగువారు ఈ మార్గమున పనులకు వచ్చి, బిలాస్‌పూర్ పరిసరములలో నిలిచిపోయిరి. తాతలు గ్యాంగులో పనిచేసిరి. తండ్రులు షెడ్డులో పనిచేసిరి. మనుమలు కొందరు గుమాస్తాలైరి. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంటిలో తెలుగు, ఆదివారము ప్రార్థనలో మరింత పాత తెలుగు. ప్రవాసములో నున్నవారు భాషను విడువక పట్టుకొందురు. కాపురమును మాత్రము కొందరు విడిచిపెట్టుచున్నారు.

అట్టి యొక యింటిని తలంచుకొందము. ఈ యిల్లు ఫలానావారిది కాదు. అనేక గృహముల దుఃఖమును కలిపి గీచిన చిత్రమే. భర్త గతౌరాలో రైల్వే ఉద్యోగి. భార్యది విజయనగరము. వివాహము ఆమె పుట్టినింటి సంఘములో జరిగినది. పెండ్లి జరిగిన కొన్నాళ్లకు అతడు త్రాగుడు మరిగెను. త్రాగిన రాత్రులలో చేయి లేపెను. ఆమె తన యయిదేండ్ల కుమారుని చంకనెత్తుకొని రైలెక్కి పుట్టినింటికి పోయినది. తొమ్మిదేండ్ల కుమార్తెకు పరీక్షలు గనుక ఆ పిల్ల నానమ్మతో గతౌరాలోనే ఉండిపోయినది. పరీక్షలు ముగిసినవి, పిల్ల మాత్రము కదలలేదు. కొన్ని మాసములకు అతడు బిలాస్‌పూర్ కుటుంబ న్యాయస్థానములో విడాకుల పిటిషను వేసెను. కొడుకును తనకు అప్పగింపవలెననియు అందులో అడిగెను. ఆమె విజయనగరములో వేరొక పిటిషను వేసి కూతురును కోరెను. ఇట్లు ఒక కాపురము రెండు రాష్ట్రములలో రెండు నంబర్లుగల కాగితపు కట్టలైనది.

సంఘ పెద్దలు ఏమనిరి? ఒకరు, "విశ్వాసులకు కోర్టెందుకమ్మా? అయ్యగారి యెదుట కూర్చుని మాట్లాడుకొంటే సరిపోవును గదా" అనిరి. ఇంకొకరు, "స్టాంపు కాగితము మీద నలుగురము సంతకాలు పెట్టెదము, ఎవరి దారి వారిది" అనిరి. ఎక్కువమంది ఏమియు అనలేదు. ఆదివారము ఆరాధనలో భర్త వచ్చినయెడల ఒక పక్కవారు, అతని తల్లి ఏడ్చినయెడల మరియొక పక్కవారు కదలి కూర్చుండిరి. ఆ పిల్లను సండేస్కూలులో ఒకతె అడిగినది: "నీకు అమ్మ కావలెనా, నాన్న కావలెనా?" ఆమె చెడ్డ స్త్రీ కాదు. అడుగదగని ప్రశ్న అడిగినదని ఆమెకు తెలియదు, అంతే.

ఈ ప్రశ్నను పరిశుద్ధ గ్రంథము ఎట్లు ఎదుర్కొన్నదో చూడవలెను.

సొలొమోను గిబియోనులో దేవుని అడిగిన వరము అందరికిని తెలిసినదే. తెలుగులో మనము దానిని వివేకము అని చదువుకొనుటకు అలవాటుపడితిమి. హెబ్రీ మూలములో ఆ మాట సూటిగా "వినే హృదయము" అని యున్నది. రాజు తెలివిని అడుగుటకు ముందు చెవిని అడిగినాడు. అదియు తలమీది చెవిని గాక గుండెలోని చెవిని. ఆ వరము పొందిన వెంటనే గ్రంథకర్త మనకు చూపిన మొదటి వ్యాజ్యెము సరిహద్దు తగవు కాదు, రాజద్రోహము కాదు. ఒక బిడ్డ ఎవరికి చెందవలెనన్న తగవు. వచ్చినవారు ఇద్దరు వేశ్యలు. వారి పక్షమున మాటలాడుటకు తండ్రి లేడు, భర్త లేడు, పెద్దమనుష్యులు లేరు. ఇంటిలో వేరొకరు లేరని వారే చెప్పిరి గనుక సాక్షులును లేరు. రాజు ఇద్దరిని పూర్తిగా మాటలాడనిచ్చి, ఇద్దరి మాటను తన నోట మరల చెప్పెను (1 రాజులు 3:23). న్యాయాధిపతి మొదట చేయవలసిన పని అదే: నీవు చెప్పినది నాకు వినబడినది అని తెలియజేయుట.

ఈ కథలో మాటలాడనివాడు ఒక్కడే యున్నాడు. వాడే తగవునకు కారణమైన బిడ్డ. కత్తి తెమ్మనినప్పుడు ఆ కత్తి ఇద్దరు స్త్రీల మీదికి రాలేదు. మాటలాడని వాని మీదికే వచ్చినది. వ్యాజ్యెములో వాదులు, ప్రతివాదులు ఎవరైనను, కత్తి అంచున పడుకొనునది ఎవరో తెలిసికొనుటయే వినగల హృదయము.

మన దేశపు చట్టము ఈ సంగతిని తన భాషలో చెప్పుచున్నది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము 17వ సెక్షనులో, మైనరు యొక్క సంక్షేమము చూడవలెననియు, వయస్సు, లింగము, మతము, సంరక్షణ కోరువాని శీలము, సామర్థ్యము, రక్తసంబంధము ఇవి యన్నియు తూచవలెననియు ఉన్నది. బిడ్డ తెలివిగా తన యిష్టము చెప్పగల వయస్సుగలదైన యెడల ఆ యిష్టమును న్యాయస్థానము పరిగణింపవచ్చును. 1973లో ఒక క్రైస్తవ దంపతుల పిల్లలను గూర్చిన రోసీ జేకబ్ వ్యాజ్యెములో సుప్రీంకోర్టు పక్షమున న్యాయమూర్తి ఐ.డి. దువా తీర్పు వ్రాసెను. పిల్లలు తలిదండ్రుల ఆస్తి కారు, ఆటవస్తువులు కారు. వారిమీద తలిదండ్రులకు సంపూర్ణాధికారమున్నదను పాత తలంపు పిల్లల క్షేమమునకు లోబడవలసినదే, అని ఆ తీర్పు యొక్క సారాంశము. పిల్లల అప్పగింతను గూర్చిన ఉత్తరువు రాతిమీద చెక్కినది కాదనియు, పరిస్థితులు మారినప్పుడు వారి మేలుకొరకు దానిని మార్చవచ్చుననియు అందులో ఉన్నది. ఓడిపోతిమని కుమిలెడి తండ్రికిని, గెలిచితిమని పొంగెడి తల్లికిని ఈ మాట అవసరము.

ఆ తీర్పులో చర్చకు వచ్చిన వింత యొకటి ఉన్నది. 1869 నాటి విడాకుల చట్టము మైనరు బిడ్డ ఎవరో చెప్పునప్పుడు, దేశీయులైన తండ్రుల కుమారులకు 16 ఏండ్లు, కుమార్తెలకు 13 ఏండ్లు అనియు, ఇతరులకు 18 ఏండ్లు అనియు చెప్పినది. పరిపాలకుల బిడ్డ పదునెనిమిదేండ్ల వరకు బిడ్డ. మన బిడ్డ పదుమూడేండ్లకే పెద్దది! ఆనాడు క్రైస్తవ ధర్మము పేరట చేసిన చట్టములో ఈ తక్కెడ ఉన్నదని మరువరాదు.

రాజు సన్నిధికి మరల పోవుదము. నిజమైన తల్లి హృదయములో పుట్టినదానికి గ్రంథము "రహమీమ్" అను మాట వాడినది. ఆ మాటకు గర్భము అను మాటతో చుట్టరికము. కడుపు తరుగుకొనిపోయినది అని మన స్త్రీలందురే, అదే. ఆ తల్లి, బిడ్డ నాది కాదు అనలేదు. చంపవద్దు, ఆమెకే ఇమ్మన్నది. రెండవ స్త్రీ, నాకును వద్దు దానికిని వద్దు, రెండు ముక్కలు చేయుడి అన్నది. వ్యాజ్యెములో నున్న ప్రతి తల్లియు తండ్రియు పిటిషను మీద సంతకము పెట్టుటకు ముందు తన్ను తాను అడుగుకొనవలసినది ఇక్కడనే యున్నది. నాకు బిడ్డ కావలెనా, లేక అవతలివానికి బిడ్డ లేకుండపోవలెనా? ఈ రెండు కోరికలు బయటికి ఒకే మాటగా వినబడును. వకీలు వ్రాయు ప్రార్థనలోను ఒకే విధముగా ఉండును. దేవునికి మాత్రము వేరువేరుగా వినబడును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ కథనుబట్టి కొందరు బోధకులు దెబ్బలు తినిన స్త్రీతో, "నిజమైన తల్లివైతే నీవే విడిచిపెట్టుము, సర్దుకొనుము" అని చెప్పుదురు. అది కథను తలక్రిందులు చేయుట. రాజు ఆ విడిచిపెట్టిన తల్లిచేతికే బిడ్డను ఇచ్చినాడు. త్యాగము చేసినదానిని వట్టి చేతులతో పంపి, చేయి లేపినవానికి బిడ్డను ఇచ్చుట సొలొమోను తీర్పు కాదు.

ఇక మార్కు సువార్త పదియవ అధ్యాయము. ముద్రిత గ్రంథములలో పన్నెండవ వచనమునకు తరువాత క్రొత్త శీర్షిక పెట్టుటచేత మనము ఒక సంగతిని గమనింపము. విడాకులను గూర్చిన తర్కము ముగిసిన వెంటనే, ఊపిరి తీయకుండ, చిన్నబిడ్డలు వచ్చుచున్నారు. శిష్యులు వారిని గద్దించిరి. సువార్తలలో యేసు కోపపడెనని స్పష్టముగా వ్రాయబడిన చోట్లు కొద్దియే. ఇది వాటిలో ఒకటి. పెద్దల వివాహ చర్చ జరుగుచుండగా బిడ్డలు అడ్డు అని శిష్యులు తలంచిరి. పెద్దలు చర్చించుచున్నది ఎవరి బ్రతుకునో ఆ బిడ్డలే వచ్చిరని ప్రభువు ఎరిగెను.

ఆ ప్రశ్న అడిగినవారు నిజముగా తెలిసికొనగోరి అడుగలేదు, శోధించుటకు అడిగిరి. ఆ చోటు యొర్దాను అవతలి ప్రాంతము. హేరోదు అంతిపా ఏలుబడి. అతడు తన సహోదరుని భార్యను చేర్చుకొనుట తప్పు అని చెప్పినందుకు బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయినది (మార్కు 6:17–28). అనగా ఆనాటి పరిసయ్యుల నోట విడాకుల ప్రశ్న ఒక ఉరి. నేడును సంఘములలో ఈ ప్రశ్న అట్లే వాడబడుచున్నది. దుఃఖితునికి దారి చూపుటకు కాదు, అతనిని ఒక పక్షములో పెట్టి కొట్టుటకు.

మత్తయి వ్రాసిన దానిలో ఒక సూక్ష్మమున్నది. పరిసయ్యులు మోషే "ఆజ్ఞాపించెను" అనిరి. ప్రభువు దానిని "సెలవిచ్చెను" అని దిద్దెను (మత్తయి 19:7–8). విడువుమని ధర్మశాస్త్రము ఎవరిని బలవంతపెట్టలేదు. మనుష్యుని హృదయ కాఠిన్యము ఒక యింటిని పగులగొట్టినప్పుడు, ఆ పగుల మధ్య చిక్కుకొనిన స్త్రీ చేతికి ఒక కాగితము ఇచ్చినది. ఆ పత్రిక లేనియెడల ఆమె ఎవరి భార్యయో, ఎవరి భార్య కాదో తెలియని స్థితిలో నిలిచిపోవును. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోని ఆ పత్రికకు హెబ్రీ పేరు "సేఫెర్ కెరీతూత్", అనగా కోత పత్రము. నిబంధన చేయుటకును హెబ్రీయులు "కోయుట" అను క్రియనే వాడుదురు. నిబంధన కోయబడును, విడాకులును కోయబడును. ఒకటి కలుపుటకు పడిన గాయము, ఒకటి వేరుచేయుటకు పడిన గాయము. ఏ విడాకులును నొప్పిలేకుండ కాగితము మీదనే జరిగిపోవునని తలంచువాడు ఈ మాటను వినవలెను. ఇశ్రాయేలుకు తానే పరిత్యాగ పత్రిక ఇచ్చినట్టు దేవుడు యిర్మీయా ద్వారా చెప్పుకొనినాడు (యిర్మీయా 3:8). విడాకులు పొందినవారు దేవునికి తెలియని దుఃఖములో లేరు.

మలాకీ రెండవ అధ్యాయము పదునారవ వచనమును మన పులిపీఠములు తరచుగా సగమే చదువును. దేవునికి పరిత్యాగము అసహ్యము అను సగము వినబడును. అదే వచనములో వస్త్రమును బలాత్కారముతో కప్పుకొనువానిని గూర్చిన మాట ఉన్నది. ఆ సగము వినబడదు. హెబ్రీ మూలమున ఆ వచనము కఠినమైనది. పండితులు దానిని ఒకటికంటె ఎక్కువ విధములుగా తర్జుమా చేసిరి. భార్యను ద్వేషించి పంపివేయువాడు తన వస్త్రమును దౌర్జన్యముతో కప్పుకొనుచున్నాడు అను అర్థము చెప్పువారును ఉన్నారు. ఏ విధముగా చదివినను విడుచుటయు కొట్టుటయు ఒకే వాక్యములో నిలిచియున్నవి. మొదటిదానిని ఖండించి రెండవదానికి కన్నులు మూసికొను సంఘము ఆ వచనమును చదివినట్టు కాదు.

ఇక విశ్వాసి కోర్టుకు పోవచ్చునా? కొరింథులోని సహోదరులు ఒకరిమీద ఒకరు అన్యుల యెదుట వ్యాజ్యెమాడుటను పౌలు తప్పుపట్టెను (1 కొరింథీ 6:1–8). అక్కడ పౌలు వాడిన మాట జీవనోపాధికి సంబంధించిన వ్యవహారములను సూచించును. ఒకరినొకరు మోసగించి లాగుకొనుటను గూర్చిన గద్దింపు అది. ఆ పౌలే తన ప్రాణము అన్యాయముగా పోవునట్లున్నప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందుననెను (అపొ. కార్యములు 25:11). మన దేశములో వివాహ బంధమును చట్టరీత్యా విప్పు అధికారము సంఘ కమిటీకి లేదు. సంఘ న్యాయపీఠము ఇచ్చిన తీర్పు చట్టము దృష్టిలో వివాహమును రద్దు చేయజాలదని 1996లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున స్టాంపు కాగితము మీద నలుగురు పెద్దలు చేయు సంతకములు ఎవరికిని మేలు చేయవు. దానిని నమ్మి మరల పెండ్లాడినవాడు రెండు పెండ్లిండ్ల నేరములో చిక్కుకొనును. నమ్మిన స్త్రీకి భరణము దక్కక పోవచ్చును. ఆ పెద్దలు సదుద్దేశముతోనే చేసియుందురు. అయినను తెలియని త్రోవ చూపు మార్గదర్శి దొంగకంటె ఎక్కువ నష్టము చేయును.

చట్టము నడచిన త్రోవను కొంచెము తెలిసికొనుట మంచిది. 1869 నాటి చట్టము క్రింద భర్త భార్య వ్యభిచారమును మాత్రము రుజువు చేసిన చాలును. భార్యయైతే వ్యభిచారముతోపాటు క్రూరత్వమునో, రెండేండ్ల పరిత్యాగమునో, అట్టి మరియొక దోషమునో కూడ రుజువు చేయవలెను. కేవలము దెబ్బలు తినినదానికి వేరుగా బ్రదుకుటకు అనుమతి దొరకునే గాని విడాకులు దొరకవు. జిల్లా న్యాయస్థానము విడాకులిచ్చినను హైకోర్టు స్థిరపరచవలెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1న ఏర్పడి బిలాస్‌పూర్‌లోనే హైకోర్టు వచ్చువరకు, ఆ ప్రాంతపువారికి హైకోర్టు అనగా జబల్‌పూర్. 1985లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు చేరిన ఓ. చిన్నప్పరెడ్డి, క్రైస్తవ వివాహ చట్టము క్రింద పెండ్లాడిన ఒక స్త్రీ వ్యాజ్యెములో, కాపురము పూర్తిగా విరిగిపోయినను విడుదలకు త్రోవలేని ఈ చట్టపు స్థితిని గూర్చి నొచ్చుకొని, శాసనసభ కలుగజేసికొనవలెనని వ్రాసెను. 1995 మొదలు 1997లోగా కేరళ, ఆంధ్రప్రదేశ్, బొంబాయి హైకోర్టులు భార్యమీద మోపిన ఆ యెక్కువ బరువు రాజ్యాంగమునకు విరుద్ధమనెను. తుదకు 2001లో పార్లమెంటు చట్టమును సవరించి, క్రూరత్వము, పరిత్యాగము మొదలగు కారణములను భార్యాభర్తలకు సమానము చేసి, హైకోర్టు స్థిరపరచవలెనన్న నియమమును తొలగించెను. ఉభయుల సమ్మతితో విడిపోవుటకును 10ఎ సెక్షను చేర్చెను. అందులోని రెండేండ్ల ఎడబాటు నియమమును కేరళ హైకోర్టు 2010లో ఒక ఏడాదిగా చదువవలెననెను. మధ్యంతర భరణమును, పిల్లల పోషణ, చదువులను గూర్చిన దరఖాస్తులను సాధ్యమైనంతవరకు అరువది దినములలో తేల్చవలెననియు సవరణలో ఉన్నది. సాధ్యమైనంతవరకు అను మాట ఎంత పొడుగైనదో కోర్టు వరండాలో కూర్చుండినవారికి తెలియును.

1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ఒక మంచి పని చేసినది. వాదము వినుటకు ముందు, సందర్భము అనుమతించినంతవరకు, సమాధానపరచుటకు యత్నించుట న్యాయాధిపతి విధి అని 9వ సెక్షనులో పెట్టినది. కోరినయెడల రహస్యముగా విచారణ జరుపవచ్చును. వకీలు లేకుండ తన మాట తానే చెప్పుకొనవచ్చును. ప్రభుత్వపు చట్టము సమాధానపరచుటను విధిగా పెట్టుకొనగా, సమాధాన పరిచర్య పొందితిమని చెప్పుకొను సంఘము మౌనముగా కూర్చుండుట సిగ్గు కాదా? అయితే సమాధానపరచుట అనగా దెబ్బలు తినిన యింటికే ఆమెను మరల పంపుట కాదు. 2006 అక్టోబరు నుండి అమలులోనున్న గృహహింస చట్టము అట్టి స్త్రీకి రక్షణ ఉత్తరువును, పిల్లల తాత్కాలిక అప్పగింతను ఇచ్చుచున్నది. దానిని ఆశ్రయించుట అవిశ్వాసము కాదు. పౌలు దమస్కులో గంపలో కూర్చుండి గోడ దిగిపోయినప్పుడు ఎవడును అతనిని అవిశ్వాసి అనలేదు.

కోర్టు గుమ్మము దాటిన విశ్వాసికి పది ఆజ్ఞలు బయటనే నిలిచిపోవు. అఫిడవిట్టు మీద సంతకము పెట్టునప్పుడు తొమ్మిదవ ఆజ్ఞ చేతిని పట్టుకొనును. పిటిషనులో బలము కొరకు ఒకటి రెండు చేర్చెదము అని గుమాస్తా అనును. రెండుసార్లు కొట్టినాడు అనుటకు బదులు ప్రతిదినము అని వ్రాయుట సులువు. ఆమె నడతమీద మచ్చ వేయుట మరింత సులువు. ఆ కాగితమును పదేండ్ల తరువాత చదువువారు న్యాయమూర్తి కాదు, ఆ బిడ్డ. తల్లిని గూర్చి తండ్రి ఏమి వ్రాయించెనో, తండ్రిని గూర్చి తల్లి ఏమి వ్రాయించెనో వాడు ఒకనాడు ఆ పెట్టె తెరచి చూచును.

అంతకంటె లోతైనది అయిదవ ఆజ్ఞ. తండ్రిని తల్లిని సన్మానింపుమని దేవుడు బిడ్డతో చెప్పెను. గెలిచినవారిని సన్మానింపుమని చెప్పలేదు. "మీ అమ్మ నిన్ను వదిలేసి పోయింది" అని నానమ్మ అన్నము కలుపుచు చెప్పినను, "మీ నాన్న మనిషి కాడు" అని తల్లి ఫోనులో చెప్పినను, ఆ పెద్దలు తమ కోపమును మాత్రము వెళ్లగ్రక్కుటలేదు. దేవుడు బిడ్డకు ఇచ్చిన ఆజ్ఞను బిడ్డచేతనే మీరించుచున్నారు. తండ్రి త్రాగుబోతనుట నిజమైనప్పుడు దాచవలెనా? దాచనక్కరలేదు. ఆ నిజమును న్యాయమూర్తికి చెప్పవలెను, కాపరికి చెప్పవలెను, వైద్యునికి చెప్పవలెను. తొమ్మిదేండ్ల పిల్లకు, ఆమె మోయగలిగినంతే చెప్పవలెను. కుమారుని మంచము క్రింద దాగుకొనునట్టు చేసిన భయమును గూర్చి ఆ తండ్రియే ఒకనాడు తన నోట ఒప్పుకొనగలిగినయెడల అది ఏ డిక్రీ కంటెను ఆ బిడ్డకు ఎక్కువ మేలు. అట్లు ఒప్పుకొనుటకు అతనికి త్రాగుడు మానుట మొదలు పెట్టవలసియున్నది; సంఘము అతనిని వెలివేయుట గాని వెనకేసుకొనివచ్చుట గాని అందుకు తోడ్పడదు.

అన్నాచెల్లెండ్ర, అక్కాతమ్ముల సంగతి పెద్దలు మరచెదరు. ఒకరికొకరు పంచుకొంటిమి, చెరియొకరు, లెక్క సరిపోయినది అనుకొందురు. గతౌరాలోని పిల్లకు బడిలో హిందీ. విజయనగరములోని పిల్లవానికి ఇక తెలుగు మాత్రమే. ఆరు మాసములకు తమ్ముడు ఫోనులో అక్క మాటలకు నవ్వుట మొదలుపెట్టును. ఏడాదికి నవ్వడు, అర్థము కాక ఊరకుండును. పెద్దల మధ్య మాట నిలిచిపోవుట వారి పాపము. పిల్లల మధ్య మాట నిలిచిపోవుటకు ఆ పిల్లలు చేసిన పాపమేమి? న్యాయస్థానమునకు పోవు ప్రతి తండ్రియు తల్లియు, సెలవులలో ఎవరి యొద్ద, పండుగకు ఎవరి యొద్ద అని వ్రాసికొనుటతోపాటు, ఇద్దరు పిల్లలు ఒకే కప్పు క్రింద ఎన్ని దినములుందురు అనియు వ్రాసికొనుట మంచిది. వకీలు అడుగకపోయినను అడిగించుకొనవలెను.

కోర్టు కాగితములు ఎప్పుడును చేరని చోటు ఒకటి ఆదికాండము ఇరువది యొకటవ అధ్యాయములో ఉన్నది. అబ్రాహాము తెల్లవారుజామున లేచి రొట్టెయు నీళ్ల తిత్తియు హాగరు భుజముమీద పెట్టి, పిల్లవానితో ఆమెను పంపివేసెను. విశ్వాసులకు తండ్రియని పేరుపొందినవాని యింటిలో జరిగిన పని అది. భరణము ఒక తిత్తి నీళ్లు. అవి అయిపోయినప్పుడు ఆమె బిడ్డను పొద క్రింద పడవేసి, వాని చావు చూడలేక విల్లువేత దూరమున కూర్చుండి ఎలుగెత్తి యేడ్చెను. ఇచ్చట జాగ్రత్తగా చదువవలెను. ఏడ్చినట్టు వ్రాయబడినది తల్లి. దేవుడు వినినట్టు వ్రాయబడినది పిల్లవాని మొర. పిల్లవాడు ఏడ్చెనని అంతకు ముందు వచనములో లేదు. తల్లికి వినబడినదో లేదో, వ్రాసినవాడు చెప్పలేదు; దేవునికి వినబడినది. వాడున్న చోటనే వాని స్వరము వినబడెనని దూత చెప్పెను. అక్కడనే బావి కనబడినది. ఆ బిడ్డ పేరు ఇష్మాయేలు. దేవుడు వినును అని దాని యర్థము. తండ్రి పెట్టిన పేరు అది. పేరు పెట్టినవాడు వినలేకపోయిన దినమున, ఆ పేరులోని దేవుడు వినెను.

బిలాస్‌పూర్‌లో వాయిదా పడిన దినమున ఆ పిల్ల నానమ్మతో కోర్టు వరండాలో కూర్చుండును. ఎదుటి బల్లమీద తల్లియు తమ్ముడును ఉందురు. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా రాత్రంతయు ప్రయాణము చేసి వచ్చినవారు. మధ్య నాలుగడుగుల దూరము. సంఘమునుండి ఒక్కరైనను వారితో పోయియుండిన యెడల, ఏ పక్షమునను కూర్చుండక, ఆ పిల్లల కొరకు ఒక సీసా నీళ్లును నాలుగు అరటిపండ్లును పట్టుకొని పోయియుండిన యెడల, ఆ నాలుగడుగులు దాటుటకు పిల్లలకు ఒక త్రోవ దొరకియుండును. సాక్ష్యము చెప్పుటకు పోవువారు ఎందరో ఉన్నారు. ఊరక తోడు పోవువారు దొరకుట కష్టము.

న్యాయమూర్తి వేసవి సెలవులకు ఆ పిల్లను తల్లియొద్దకు పంపుమని మధ్యంతర ఉత్తరువు ఇచ్చెననుకొనుడు. నానమ్మ తన చీరలు మడతపెట్టిన పెట్టెలోనే మనుమరాలి గౌనులు సర్ది, అడుగున ఆమె బైబిలును పెట్టును. బండి తెల్లవారి విజయనగరము చేరును. ఆ వచ్చు ఆదివారమున అక్కడి సండేస్కూలు ఉపాధ్యాయిని హాజరు పట్టీలో తమ్ముని పేరు క్రింద ఒక క్రొత్త పేరు వ్రాయవలసియుండును, రెండు మాసములకే అయినను, పెన్సిలుతో గాక సిరాతో.